మూత్రంలో మంట, తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి: ఏది ఎక్కడి జబ్బో తేల్చుకోవడం ఎలా?

ఊడ్పుల రోజుల్లో తెల్లారకముందే చేలోకి దిగే ఆడవాళ్ళు చాలామంది మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు ముట్టరు. తాగితే ఒంటికి వెళ్ళాలి, వెళ్ళడానికి చాటు ఉండదు. రొయ్యల ప్లాంట్లలో గంటల తరబడి నిలబడి పనిచేసే అమ్మాయిలదీ, రోజూ బస్సెక్కి కాకినాడకో భీమవరానికో కాలేజీకి వెళ్ళొచ్చే పిల్లలదీ అదే పరిస్థితి. కొన్నాళ్ళకు మూత్రంలో మంట మొదలవుతుంది. వేడి చేసిందిలే అని మజ్జిగ, సబ్జా నీళ్ళు తాగుతారు. తగ్గకపోతే మందుల షాపులో అడిగి రెండు మాత్రలు వేసుకుంటారు. మళ్ళీ వస్తుంది. ఈలోపు ఎవరో ఒకరు "గర్భసంచికి పుండు పట్టిందేమో" అంటారు. కొందరి విషయంలో ఇది గర్భసంచి తీయించేసుకోవడం దాకా పోతుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూస్తే, గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ముందు వరసలో ఉంటుంది. వాటిలో నిజంగా అవసరమైన ఆపరేషన్లు ఉంటాయి, కాదనను. కానీ మూత్రంలో మంటకూ మామూలు తెల్లబట్టకూ గర్భసంచి తీయడం మందు కాదు. మూత్రం దారీ గర్భాశయం దారీ పక్కపక్కనే ఉండటం వల్ల ఒకదాని బాధ ఇంకోదానిలా అనిపిస్తుంది. ఏది ఎక్కడిదో తేల్చే పనిలో సగం మీరే ఇంటి దగ్గర చేసుకోవచ్చు. మిగతా సగం పరీక్షతో, డాక్టరు చూడటంతో తేలుతుంది.

ముందు దారులు తెలుసుకోండి

ఆడవాళ్ళకు కింద మూడు ద్వారాలుంటాయి. ముందు మూత్రద్వారం, మధ్యలో యోని, వెనక మలద్వారం. మూడూ దగ్గర దగ్గరగానే ఉంటాయి. మూత్రద్వారం నుంచి మూత్రాశయం దాకా ఉన్న గొట్టం పొడవు సుమారు 4 సెంటీమీటర్లు. మూత్రాశయానికి సరిగ్గా వెనకే గర్భసంచి ఉంటుంది. మగవాళ్ళలో ఆ గొట్టం దాదాపు 20 సెంటీమీటర్లు. పైగా మూత్రానికీ వీర్యానికీ అదే దారి, దాని మొదట్లో చుట్టూ ప్రోస్టేట్ గ్రంథి ఉంటుంది.

మూత్ర ఇన్ఫెక్షన్లలో ఎక్కువ భాగానికి కారణం ఈ.కోలై అనే బాక్టీరియా. అది మన పేగుల్లోనే ఉంటుంది. మలద్వారం దగ్గర నుంచి మూత్రద్వారానికి చేరి పైకి పాకుతుంది. ఆడవాళ్ళలో దూరం తక్కువ కాబట్టి వాళ్ళకే ఎక్కువగా వస్తుంది. వేసవిలో గోదావరిలో నీళ్ళు తగ్గినప్పుడు సముద్రపు పోటుకు ఉప్పునీరు మురుగు కాలువల్లో ఎదురెక్కి రావడం కోనసీమ రైతులకు బాగా తెలుసు. పైనుంచి ప్రవాహం బలంగా ఉంటే ఉప్పునీరు వెనక్కి పోతుంది. మూత్రం విషయంలోనూ జరిగేది ఇదే. తగినంత నీళ్ళు తాగి, ఆపుకోకుండా వెళ్తుంటే పైకెక్కే బాక్టీరియా ఎప్పటికప్పుడు బయటికి కొట్టుకుపోతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. తల్లి కడుపులో బిడ్డ తయారయ్యేటప్పుడే ఈ రెండు వ్యవస్థలూ ఒకే కణజాలం నుంచి పుడతాయి. అందుకే గర్భసంచి పుట్టుకతోనే సగం ఏర్పడిన, లేదా అసలు ఏర్పడని అమ్మాయిల్లో కొందరికి ఒక కిడ్నీ కూడా ఉండదు. మీ ఇంట్లో ఏ అమ్మాయికైనా స్కానింగ్‌లో గర్భసంచి ఆకారం తేడాగా ఉందని చెబితే, కిడ్నీలు రెండూ ఉన్నాయో లేదో చూడమని అక్కడే అడగండి.

మంట ఎక్కడ, ఎప్పుడు? రెండు రోజులు గమనించి రాసుకోండి

ప్రమాద లక్షణాలు లేకపోతేనే ఈ పని. అవి ఏమిటో తర్వాతి భాగంలో ఉన్నాయి, ముందు అది చదివినా మంచిదే. గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్ళు, మగవాళ్ళు గమనిస్తూ కూర్చోకుండా నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్ళాలి.

మూత్రం వస్తున్నప్పుడు లోపల మంట, కొంచెం కొంచెంగా మాటిమాటికీ వెళ్ళాల్సి రావడం, వెళ్ళొచ్చినా ఇంకా ఉన్నట్టే అనిపించడం, ఆపుకోలేకపోవడం, బొడ్డు కింద నడిమధ్యలో నొప్పి. దురద లేదు, తెల్లబట్టలో తేడా లేదు. ఇలా ఉంటే చాలావరకు అది మూత్రాశయం ఇన్ఫెక్షనే.

మూత్రం బయటి చర్మానికి తగిలినప్పుడు మాత్రమే చురుక్కుమంటుంటే, దానికి తోడు దురదో వాసనో ఉంటే, బాధ యోనిది. విరిగిన పాలలా తెల్లగా పేరుకుని విపరీతమైన దురద ఉంటే ఎక్కువగా ఫంగస్. పల్చగా, బూడిద రంగులో, చేపల వాసన వేస్తుంటే అక్కడ సహజంగా ఉండే మంచి బాక్టీరియా తగ్గి వేరే రకాలు పెరిగాయని అర్థం. పచ్చగా నురగలా వస్తుంటే ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి కావచ్చు, అది కలయిక ద్వారా వచ్చేది. మూడింటికీ ఒకే మందు పనిచేయదు. చూసినంత మాత్రాన నూటికి నూరుపాళ్ళు చెప్పలేం కాబట్టి ఇది మందు కొనుక్కోవడానికి కాదు, డాక్టరుకు సరిగ్గా చెప్పడానికి.

తెల్లబట్ట అసలు కనబడటమే జబ్బు అనుకోకండి. నెలసరికి నెలసరికి మధ్య రోజుల్లో గుడ్డులోని తెల్లసొనలా సాగుతూ రావడం, నెలసరికి ముందు కాస్త ఎక్కువ కావడం, గర్భంతో ఉన్నప్పుడు పెరగడం, ఇవన్నీ శరీరం మామూలుగా చేసే పనులే. రంగు, వాసన మారకుండా దురద లేకుండా ఉంటే దానికి మందు అక్కర్లేదు. ఒంట్లో బలమంతా తెల్లబట్టలో పోతోందని బెంగపెట్టుకునే ఆడవాళ్ళున్నారు. అలా బలం పోదు. నీరసంగా ఉంటే హిమోగ్లోబిన్ చూపించుకోండి, కారణం చాలాసార్లు రక్తహీనత దగ్గర దొరుకుతుంది.

మూడో రకాన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. పొత్తికడుపు అంతా, లేదా రెండు పక్కలా నొప్పి, దుర్వాసనతో తెల్లబట్ట, కలయికలో లోపల నొప్పి, నెల మధ్యలో రక్తం కనబడటం, జ్వరం. ఇన్ఫెక్షన్ యోని నుంచి గర్భసంచికీ అక్కడి నుంచి అండం వచ్చే ట్యూబులకూ ఎక్కితే ఇలా ఉంటుంది. ఆలస్యం చేస్తే ట్యూబులు మూసుకుపోయి పిల్లలు పుట్టకపోవచ్చు, గర్భం ట్యూబులోనే నిలిచే ప్రమాదమూ ఉంది. కలయిక ద్వారా వచ్చే క్లమీడియా, గనేరియా లాంటి ఇన్ఫెక్షన్లు ఆడవాళ్ళలో ఏ లక్షణమూ చూపించకుండానే ఈ పని చేయగలవు.

ఇవి కనిపిస్తే గమనించడం ఆపి వెంటనే ఆసుపత్రికి

చలితో వణికించే జ్వరం, నడుముకు పైన వీపులో ఒక పక్క నొప్పి, వాంతులు ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కిందేమో చూడాలి. మూత్రంలో రక్తం, మూత్రం పూర్తిగా ఆగిపోవడం, నెల తప్పినవాళ్ళకు ఉన్నట్టుండి పొత్తికడుపులో ఒక పక్క పొడిచే నొప్పి, మగపిల్లవాడికి వృషణంలో హఠాత్తుగా భరించలేని నొప్పి కూడా ఆగదగినవి కావు. చివరిది మరీ తొందర పెట్టేది. వృషణం మెలిపడితే సుమారు 6 గంటల్లోపు ఆపరేషన్ జరగాలి. పిల్లలు సిగ్గుపడి చెప్పరు, కడుపునొప్పి అంటారు. మీరే అడిగి చూడండి. రాత్రివేళ, లంక గ్రామాల్లో ఉంటే తెల్లారేదాకా చూద్దామనుకోకుండా 108కి ఫోన్ చేయండి.

మూత్రం శాంపిల్ ఇవ్వడం: ఇక్కడే ఎక్కువ తప్పులు

శాంపిల్ సరిగ్గా లేకపోతే రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. తెల్లబట్ట ఆ డబ్బాలో కలిస్తే లేని ఇన్ఫెక్షన్ ఉన్నట్టు వస్తుంది, అక్కర్లేని యాంటీబయాటిక్ ఒంట్లోకి వెళ్తుంది. అందుకని ఇలా చేయండి.

యాంటీబయాటిక్ మొదటి మాత్ర వేసుకోకముందే శాంపిల్ ఇవ్వాలి. ల్యాబ్‌లో ఇచ్చిన మూతబిగించిన డబ్బానే వాడండి. ఇంట్లో మందు సీసా కడిగి తీసుకెళ్ళొద్దు. చేతులు సబ్బుతో కడుక్కోండి. మూత్రద్వారం దగ్గర మంచినీళ్ళతో ముందు నుంచి వెనక్కి కడిగి శుభ్రమైన గుడ్డతో అద్దుకోండి. ఆడవాళ్ళు ఒక చేత్తో పెదవులను విడదీసి పట్టుకోవాలి, మగవాళ్ళు ముందు చర్మాన్ని వెనక్కి లాగాలి. మొదటి ధార వదిలేయండి. ఆపకుండానే మధ్యలో డబ్బా పెట్టి సగం నింపండి, చివరిది మళ్ళీ వదిలేయండి. డబ్బా లోపలి అంచుకు చెయ్యి గానీ చర్మం గానీ తగలకూడదు. నెలసరిలో ఉంటే ల్యాబ్‌లో ఆ మాట చెప్పండి, లేకపోతే ఆ రక్తాన్ని మూత్రంలో రక్తంగా లెక్కేస్తారు.

తర్వాతది మన ప్రాంతానికి ముఖ్యం. కల్చర్ (మూత్రంలోని బాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) కోసం ఇచ్చే మూత్రం 2 గంటల్లోపు ల్యాబ్‌కి చేరాలి, లేదా ఫ్రిజ్‌లో ఉండాలి. మన వేసవి ఎండకు సంచిలో పెట్టుకుని, పంటు దాటి, ఆటో మారి వెళ్ళేసరికి ఉన్న కాసిని బాక్టీరియా దారిలోనే పెరిగిపోతుంది. అందుకే ఇంటి దగ్గర పట్టి తీసుకెళ్ళకుండా ల్యాబ్‌కి వెళ్ళాక అక్కడే ఇవ్వండి.

రిపోర్టులో చూడాల్సినవి

పస్ సెల్స్, అంటే చీము కణాలు, సాధారణంగా 5 లోపు ఉంటాయి. ఎక్కువ ఉంటే ఎక్కడో వాపు ఉందని అర్థం, అంతే. ఎపిథీలియల్ సెల్స్ (చర్మం, లోపలి పొరల నుంచి రాలే కణాలు) కూడా చాలా ఉన్నాయని రాస్తే శాంపిల్‌లో యోని స్రావం కలిసిందేమో అనుమానించి మళ్ళీ ఇవ్వండి. నైట్రైట్ పాజిటివ్ అంటే బాక్టీరియా ఉండే అవకాశం ఎక్కువ. మూత్రంలో షుగర్ కనిపిస్తే రక్తంలో షుగర్ పరీక్ష చేయించుకోండి. ఇన్ఫెక్షన్ పుణ్యమా అని డయాబెటిస్ బయటపడటం తరచూ జరిగేదే.

కల్చర్ రిపోర్టు రావడానికి 2, 3 రోజులు పడుతుంది. ఏ బాక్టీరియా, ఎంత, ఏ మందుకు లొంగుతుంది అన్నది అందులో ఉంటుంది. మందు పేరు పక్కన ఎస్ అని ఉంటే లొంగుతుంది, ఆర్ అని ఉంటే లొంగదు. మొదటిసారి వచ్చిన మామూలు మంటకు కల్చర్ లేకుండానే డాక్టరు మందు ఇవ్వొచ్చు. మళ్ళీ మళ్ళీ వస్తున్నా, జ్వరం ఉన్నా, గర్భిణి అయినా, మగవాళ్ళయినా కల్చర్ అడగండి.

పస్ సెల్స్ ఎక్కువగా ఉండి కల్చర్‌లో మాత్రం ఏమీ పెరగలేదని పదేపదే వస్తుంటే దాన్ని వదిలేయకండి. కలయిక ద్వారా వచ్చే ఇన్ఫెక్షన్లు, రాళ్ళు, క్షయ ఇలా కనిపిస్తాయి. క్షయ ఊపిరితిత్తులకే వస్తుందనుకుంటాం. అది కిడ్నీకీ, గర్భసంచి ట్యూబులకూ వస్తుంది, పిల్లలు పుట్టకపోవడానికి మన దేశంలో అదొక కారణం. దానికి వేరే పరీక్షలున్నాయి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం.

డాక్టరుకు ఏం చెప్పాలి, మందు ఎలా వాడాలి

మగ డాక్టరు ముందు నోరు పెగలదు. అందుకని రాసుకెళ్ళిన కాగితం చూసి ఇలా చెప్పేయండి: "డాక్టరు గారూ, నాలుగు రోజులుగా మూత్రం పోసేటప్పుడు లోపల మంట. రాత్రి కూడా లేస్తున్నాను. దురద లేదు, తెల్లబట్ట మామూలుగానే ఉంది. జ్వరం రాలేదు. నెలసరి ఫలానా తారీఖున వచ్చింది. షుగరుకు ఫలానా మాత్ర వాడుతున్నాను." ఈ నాలుగు మాటల్లో రోగ నిర్ధారణ చాలావరకు అయిపోతుంది. ఒక్కరే వెళ్ళలేకపోతే ఆశా కార్యకర్తనో ఏఎన్‌ఎంనో తోడు రమ్మనండి, వాళ్ళకు ఇవి రోజూ వినే మాటలే. కలయిక ద్వారా వచ్చే జబ్బుల కోసం పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్‌లున్నాయి. అక్కడ మందులు డబ్బులు లేకుండా ఇస్తారు, వివరాలు బయటికి చెప్పరు.

సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్ లాంటి మాత్రలు ఏళ్ళ తరబడి షాపులో అడిగి వేసుకున్నందువల్ల మన దేశంలో ఈ.కోలై చాలాచోట్ల వాటికి లొంగడం మానేసింది. పక్కింటి పిన్నికి తగ్గిన మాత్ర మీకు తగ్గిస్తుందన్న నమ్మకం లేదు. మంట తగ్గడానికి తాగే సిరప్ మంటను తగ్గిస్తుంది, ఇన్ఫెక్షన్‌ను కాదు. ఇచ్చిన యాంటీబయాటిక్ చెప్పినన్ని రోజులు పూర్తిగా వాడండి. 2, 3 రోజులకు కూడా మార్పు లేకపోతే మళ్ళీ వెళ్ళండి. కలయిక ద్వారా వచ్చిన ఇన్ఫెక్షన్ అని తేలితే భర్తకూ మందు పడాలి. ఒక్కరే వాడితే మళ్ళీ అంటుకుంటుంది.

అదే సమయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. మామూలు మూత్ర ఇన్ఫెక్షన్ అంటురోగం కాదు, నడవడికకు గుర్తూ కాదు. కలయికలో బాక్టీరియా మూత్రద్వారం వైపు జరుగుతుంది కాబట్టి కొత్తగా పెళ్ళైన అమ్మాయిలకు ఇది తరచూ వస్తుంది. అత్తారింట్లో చెప్పలేక, ఆషాఢానికి పుట్టింటికి వచ్చాక గానీ అమ్మ దగ్గర నోరు విప్పదు. ఈలోపు కిడ్నీ దాకా పోవచ్చు. అత్తగార్లూ, దయచేసి మీరే ఒకసారి అడగండి. కలయిక అయ్యాక మూత్రానికి వెళ్ళడం, నీళ్ళు తాగడం మంచి అలవాటు.

"గర్భసంచి తీసేద్దాం" అన్నప్పుడు

సంతకం పెట్టే ముందు నాలుగు విషయాలు అడగండి. మూత్రం కల్చర్ అయిందా? తెల్లబట్ట పరీక్ష అయిందా? గర్భసంచి ముఖద్వారం చూసి క్యాన్సర్ స్క్రీనింగ్ చేశారా? స్కానింగ్‌లో ఏం కనిపించింది, మందులతో ఎందుకు తగ్గదు? ఇంకో గైనకాలజిస్టు మాట కూడా వినండి, కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జీజీహెచ్) లాంటి బోధనాసుపత్రిలో అయితే ఆ ఖర్చు కూడా ఉండదు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే అవి తయారుచేసే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. అది తగ్గితే యోని, మూత్రనాళం పొరలు పల్చబడి, కాపాడే మంచి బాక్టీరియా తగ్గి, మూత్ర ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. మంట పోతుందని ఆపరేషన్ చేయించుకుని, ఆ మంటనే ఎక్కువ చేసుకున్నట్టు అవుతుంది. నలభై ఏళ్ళు నిండని ఆడవాళ్ళకు ఇలా జరగడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

గర్భసంచి కిందికి జారడం మాత్రం వేరే సంగతి. కాన్పులు, బరువులు మోయడం వల్ల అది జారితే మూత్రాశయం కూడా దాంతో పాటు వంగి, మూత్రం పూర్తిగా ఖాళీ కాక లోపల నిలిచి ఇన్ఫెక్షన్ వస్తుంది. కింద ఏదో దిగినట్టుంటే చూపించుకోండి. వ్యాయామాలు, లోపల పెట్టే రింగు, ఆపరేషన్, ఏది తగునో స్థాయిని బట్టి ఉంటుంది.

మగవాళ్ళు

మగవాళ్ళకు మూత్ర ఇన్ఫెక్షన్ వచ్చిందంటే దాని వెనక కారణం ఏమిటో వెతకాలి. యాభై దాటినవాళ్ళలో ప్రోస్టేట్ పెరిగి ధార సన్నబడుతుంది, మూత్రం నిలిచిపోతుంది. వయసులో ఉన్నవాళ్ళకు చీము కారుతూ మంట ఉంటే కలయిక ద్వారా వచ్చినదేమో చూడాలి. ఇన్ఫెక్షన్ ప్రోస్టేట్‌కు పాకితే చలిజ్వరం, కింద బరువు, నొప్పి వస్తాయి, అప్పుడు మందు ఎక్కువ రోజులు వాడాల్సి వస్తుంది.

ఉభయ గోదావరి జిల్లాలకు ఫైలేరియాతో పాత బంధం. బోదకాలుగానే అందరికీ తెలుసు గానీ, దోమకాటుతో వచ్చే ఆ పురుగు మగవాళ్ళలో వృషణాల దగ్గరి శోషరస (లింఫ్) నాళాల్లో ఉండి వరిబీజం, అంటే వృషణాల సంచిలో నీరు చేరి ఉబ్బడం, తెస్తుంది. కొందరిలో శోషరసం మూత్రంలోకి కారి మూత్రం పాలలా తెల్లగా వస్తుంది, కొవ్వు పదార్థాలు తిన్నాక ఎక్కువవుతుంది. ఆడవాళ్ళకూ ఇది రావొచ్చు. పాలలాంటి మూత్రం కనిపిస్తే వీర్యం పోతోందని భయపడి ఎవరెవరి దగ్గరికో వెళ్ళకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఫైలేరియా పరీక్ష అడగండి. ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి కాబట్టి రక్తం రాత్రి తీస్తారు. వరిబీజానికి ఆపరేషన్ ఉంది, ఏళ్ళ తరబడి పంచెలో దాచుకుని తిరగాల్సిన పని లేదు.

గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్ళు, నెలసరి ఆగినవాళ్ళు

గర్భంతో ఉన్నప్పుడు మంట లేకపోయినా మూత్రంలో బాక్టీరియా ఉండొచ్చు. వదిలేస్తే కిడ్నీకి ఎక్కుతుంది, నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం పెరుగుతుంది. అందుకే గర్భం తెలిసిన తొలి నెలల్లోనే కల్చర్ చేయించుకోవాలి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు జరిగే ఉచిత పరీక్షల రోజున అడగండి.

షుగర్ ఉన్నవాళ్ళలో ఫంగస్ తరచుగా వస్తుంది. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు షుగర్‌ను మూత్రంలోకి పంపేవి కాబట్టి వాటితో ఇంకాస్త ఎక్కువ. మాత్ర మీరే మానేయకుండా డాక్టరుకు చెప్పండి. నెలసరి ఆగినవాళ్ళకు పదేపదే ఇన్ఫెక్షన్ వస్తుంటే యోనిలో రాసే ఈస్ట్రోజెన్ క్రీమ్ బాగా పనిచేస్తుంది. తగునో లేదో గైనకాలజిస్టును అడగండి, రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే తప్పకుండా చెప్పండి.

మళ్ళీ రాకుండా

నీళ్ళు. తక్కువ నీళ్ళు తాగే అలవాటుండి తరచూ ఇన్ఫెక్షన్ వచ్చే 140 మంది ఆడవాళ్ళను బల్గేరియాలో ఏడాదిపాటు పరిశీలించారు. రోజుకు ఒకటిన్నర లీటరు అదనంగా తాగినవాళ్ళకు ఇన్ఫెక్షన్లు దాదాపు సగానికి తగ్గాయి. ఆ ఫలితాలు 2018లో వచ్చాయి. మన ఎండలకు మూత్రం లేత పసుపు రంగులో ఉండేలా తాగితే చాలు. బొండం నీళ్ళు, బార్లీ, మజ్జిగ మంచివే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం బొండాల విషయంలో డాక్టరును అడగాలి, వాటిలో పొటాషియం ఎక్కువ.

కానీ నీళ్ళు తాగమని చెప్పి మరుగుదొడ్డి సంగతి మాట్లాడకపోవడం అన్యాయం. ఊడ్పులకు పిలిచే రైతులు నాలుగు కర్రలు పాతి చుట్టూ పాత చీరో పరదానో కట్టి చాటు ఏర్పాటు చేస్తే కూలీలకు ఎంతో మేలు. దమ్ము చేసే ట్రాక్టరుకు పెట్టే ఖర్చులో అది ఎంత? ఆడవాళ్ళు గుంపుగా అడిగితే కాదనే మేస్త్రీ ఉండడు. మూడు, నాలుగు గంటలకోసారి వెళ్ళిరండి.

ముందు నుంచి వెనక్కి కడుక్కోండి, ఆడపిల్లలకు చిన్నప్పుడే నేర్పండి. డెట్టాల్, సెంటు సబ్బు, ఉప్పునీళ్ళు యోని లోపలికి పోనివ్వొద్దు. లోపల శుభ్రం చేసుకునే పని శరీరమే చేసుకుంటుంది, మనం కడిగితే మంచి బాక్టీరియా పోతుంది. బురదలో తడిసిన బట్టలు ఇంటికి రాగానే మార్చుకోండి. నెలసరి గుడ్డలు, లోదుస్తులు గదిలో మంచం వెనక ఆరేసుకోకుండా ఎండలో ఆరేయండి. వానాకాలంలో ఆరకపోతే ఇస్త్రీ పెట్టండి.

ఇవన్నీ చేసినా ఆరు నెలల్లో రెండుసార్లో, ఏడాదిలో మూడుసార్లో వస్తే పాత చీటీలు, రిపోర్టులు అన్నీ ఒక కవర్లో పెట్టుకుని యూరాలజిస్టును గానీ గైనకాలజిస్టును గానీ కలవండి. రాయి ఉందా, మూత్రం నిలిచిపోతోందా అని స్కానింగ్ చేస్తారు. స్కానింగ్‌కు వెళ్ళేటప్పుడు నీళ్ళు తాగి మూత్రాశయం నిండుగా ఉంచుకోండి. మూత్రం పోసి వచ్చాక లోపల ఎంత మిగిలిందో కూడా కొలవమని అడగండి, చాలాసార్లు ఆ రెండో కొలత వదిలేస్తారు.